బీడీకట్ట మిక్సులో మా అవ్వ

మా అవ్వ పోయి నలభై ఏళ్ళు దాటాక ఒకరోజు హిందూపురం బజారులో, లారీ మీద ఇల్లంత ఎత్తు పేర్చిన సౌండు బాక్సుల్లోంచి గొంతెత్తి ఏడ్చింది. జనం ఎగిరారు. ఆ వేళ నేను అమ్మను కంటి డాక్టరుకు చూపించుకొని ఆటోలో ఇంటికి తీసుకొస్తున్నాను. కళ్ళలో చుక్కల మందు వేసి పంపారు కాబట్టి డెబ్బై దాటిన మా అమ్మకు లోకమంతా మసకగా ఉంది. ఆటోకు అడ్డంగా పెళ్ళి మెరవణి వచ్చింది. పెళ్ళికొడుకు కారులో కూర్చుని తలపాగా కింద చెమట తుడుచుకుంటున్నాడు. వాళ్ళ మేనమామలో చిన్నాయనలో గాని, పొట్టలు ముందుకేసుకున్న నలుగురు పెద్దమనుషులు రోడ్డు మధ్యన మోకాళ్ళు వంచి ఊగుతున్నారు. డప్పుల మోత ఒక్కసారిగా ఆగింది. ఒక ఆడమనిషి గొంతు, ముక్కులోంచి సన్నగా తీస్తూ, "బీడీకట్ట గూట్లో ఉండాది, బెంగపడి పోతివా" అంది. ఆ తరువాత యంత్రం ఆ గొంతును పట్టుకొని నమలడం మొదలుపెట్టింది. బీడీకట్ట, బీడీకట్ట, బీ బీ బీ బీడీకట్ట. దభీమని మోత. పెద్దమనుషులు నలుగురూ ఒకేసారి చెవి సందులోంచి లేని బీడీ తీసి, లేని అగ్గిపుల్ల గీసి, లేని పొగ వదిలారు. అందరికీ ఆ అడుగులు ముందే వచ్చు.

అమ్మ నా మణికట్టు పట్టుకుంది. "ఆటో నిలపమను" అంది. "నిలబడే ఉందమ్మా, దారి లేదు" అన్నాను. "అది మా అమ్మ. మా అమ్మ ఏడుస్తాండాది." చుక్కల మందు చెవులకు కూడా ఎక్కిందేమో అనుకున్నాను. ఈ పాటలన్నీ ఒకేలా ఉంటాయని, ఎవరో పల్లె పాట పట్టుకొచ్చి ఉంటారని, చదువుకున్న కూతుళ్ళు ముసలి తల్లులకు చెప్పే పద్ధతిలో చెప్పబోయాను. అంతలో రెండో చరణం వచ్చింది. "ఎండకు గొర్రెలు పోతే వాటెనక పోతివా." ఆ గొర్రెలు మా తాతవి. చరణం చివర ఊపిరి లోపలికి లాగుతూ చిన్న కీచు తీయడం ఈ భూమ్మీద ఒక్క మనిషికే ఉండేది. మా తాత శవం పక్కన కూర్చుని మా అవ్వ పెట్టిన శోకానికి హిందూపురం పెళ్ళివారు చిందులు వేస్తున్నారు.

అమ్మ ఏడవలేదు, తిట్టలేదు. మెరవణి దాటిపోయి ఆటో కదిలాక మాత్రం, "దీనికి ముందరా ఎనకా ఉంటాది కదా పద్మా, అది ఎవురి దగ్గర ఉండాదో కనుక్కో" అంది. సరేనన్నాను. ఆమె ఇంకొక ప్రశ్న వేయనందుకు లోపల దండం పెట్టుకున్నాను. అడిగి ఉంటే నా దగ్గర జవాబు లేదు. జవాబును నా చేతులతో నేనే చెరిపేసి, అప్పటికి నలభై ఏళ్ళకు పైనే అయింది.

మా అవ్వ ఊరు సోమందేపల్లికి నాలుగు మైళ్ళ లోపల. వాన పడితే శెనక్కాయలు, పడకపోతే గొర్రెలు, రెండూ లేకపోతే దేవుడు. మేం ధర్మవరంలో ఉండేవాళ్ళం. నాయన పట్టుచీరలు నేసేవాడు. ఇంటి ముందుగది సగం గుంటమగ్గమే ఆక్రమించేది కాబట్టి మేం మిగతా సగంలో ఒదిగి పెరిగాం. వేసవి సెలవులు రాగానే తాత వచ్చి నన్ను పిలుచుకుపోయేవాడు. అమ్మ రాదు. అవ్వకూ అమ్మకూ మాటల్లేవు. అవ్వ తన సొంత తమ్ముడికే కూతురిని ఇవ్వాలనుకుంది, మా వైపు అది ఆనవాయితీ. అమ్మ ఆ మేనమామను చూసి, "చిన్నప్పుడు నా ముక్కు తుడిచినోన్ని నేను చేసుకోను" అని భీష్మించుకుంది. తాత కూతురి పక్షం చేరి ధర్మవరం సంబంధం ఖాయం చేశాడు. ఆ పొద్దు నుంచి అవ్వ కూతురితో మాట్లాడలేదు. నాతో మాత్రం బాగానే ఉండేది. ఏదైనా చెప్పాల్సి వస్తే, "మీ ఇంట్లో ఉండాదే ఒక ఆమె, ఆమెకు చెప్పు, ఊరుబిండి పచ్చడిలో చింతపండు తగ్గించమని" అనేది. నేను ధర్మవరం వచ్చి చెప్పేదాన్ని. అమ్మ, "ఆమెకు చెప్పు, నాకు పులుపే బాగుంటాదని" అనేది. కొన్నేళ్ళ పాటు ఒక తల్లీకూతుళ్ళ సంసారమంతా నా నోటి మీదుగా జరిగింది.

అవ్వకు చుట్టుపక్కల పల్లెల్లో పేరు. ఎందుకంటే ఆమె బాగా ఏడ్చేది. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. మా వైపు మనిషి పోతే ఊరికే కన్నీళ్ళు కార్చి చేతిగుడ్డ తడుపుకుంటే సరిపోదు. రాగం తీసి, చరణం కట్టి, పోయినవాడు ఏం తినేవాడో, ఎవరిని కొట్టేవాడో, ఏ పని సగంలో వదిలిపోయాడో అన్నీ చెప్పి ఏడవాలి. కబురు రాగానే అవ్వ ముందు సంగటి ముద్ద తినేది. "కాలే కడుపుతో ఏడుస్తే గొంతు కూచుంటాది" అనేది. తలకు కాస్త ఆముదం రాసుకుని ముడి వేసుకునేది. ఆ ముడి చావింటి గడప దగ్గర ఒక్క గుంజుకు ఊడిపోయేలా ఉండాలి, అది కూడా ఒక పనితనమే. వక్కాకు బుగ్గన పెట్టుకుని, నా చేయి పట్టుకుని ఎలబారేది. దారంతా కంది రేట్లు, కోడళ్ళ సంగతులు మాట్లాడుతూ నవ్వుతూ వచ్చేది. వాళ్ళ వీధి మలుపు తిరగగానే వక్కాకు ఉమ్మేసి, ముడి లాగేసి, "ఓ నా తండ్రీ" అని ఎత్తుకునేది. నేను మొదటిసారి హడలిపోయాను. మూడోసారికి వక్కాకు ఉమ్మే చోటు నేనే చూపించడం మొదలుపెట్టాను.

ఆ ఏడుపులో పొగడ్త ఉండేది కాదు. పోయినవాడిని పొగిడితే వాడు నమ్మడనేది అవ్వ సిద్ధాంతం. తిట్టాలి. "తాగి తాగి గోడలు పట్టుకుంటివి, ఈ పొద్దు గోడ వదిలి యాడికి పోతివి" అని ఒకడికి. "కోడలికి ఉప్పు కొలిసి ఇస్తివి, ఇప్పుడు బీరువా తాళం ఎవురికిస్తివి" అని ఒకామెకు. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకుంటూనే కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్ళు. శవం పక్కన కూర్చుని అవ్వ తిట్టనివాళ్ళంటే అవ్వకు అక్కర్లేనివాళ్ళు. ఆ పద్ధతి ఊరందరికీ తెలుసు. అందుకే ఎవరింట్లోనైనా ఆమె మామూలుగా, మర్యాదగా నాలుగు మాటలు ఏడ్చి లేచిందంటే ఆ ఇంటివాళ్ళు ముఖం మాడ్చుకునేవాళ్ళు.

అవ్వ చరణాలన్నీ అవ్వవి కావు. ఆ సంగతి ఒక పెద్ద గొడవలో బయటపడింది. పక్క ఊరి గంగమ్మ అనే ఆమె తన మొగుడు పోయినప్పుడు, "ఎద్దు ముసలిదాయె, నువ్వు ముందర పోతివా" అని ఏడ్చింది. చాలా గొప్పగా ఉందని నలుగురూ అన్నారు. పదిహేను రోజులు తిరక్కుండా మా అవ్వ అదే చరణాన్ని సోమందేపల్లిలో ఎవరో దూరపు బంధువు శవం దగ్గర, ఎద్దు తీసేసి సైకిలు పెట్టి ఏడ్చింది. గంగమ్మ మా ఇంటికి వచ్చి వాకిట్లో నిలబడింది. "నా మొగునికి నేను కట్టుకున్న ఏడుపు నువ్వెట్ల ఏడుస్తావు? మీ ఇంట్లో ఏడుపులు లేవా?" అంది. అవ్వ చేటలో శెనక్కాయలు చెరుగుతూ, "నువ్వు ఆ రాగం యాడిది తెచ్చినావు? భజన పాటది కదా. దేవుడొచ్చి నిన్ను అడిగినాడా?" అంది. మా తాత గొర్రెల మందకు పోబోతూ ఆగి, "ఏడుపుకు పట్టా ఉంటాదేమ్మా, పోండి, పోయి పని చూసుకోండి" అని తీర్పు చెప్పాడు. ఆ తరువాత ఇద్దరూ కలిసి వక్కాకు వేసుకున్నారు. గంగమ్మ పోయినప్పుడు అవ్వ ఆ చరణాన్ని ఎద్దుతో సహా ఆమెకే తిరిగి ఏడ్చి అప్పజెప్పిందని తరువాత విన్నాను.

తాత పోయిన కబురు మాకు పొద్దున్నే వచ్చింది. అమ్మ పట్టుదారం చుట్టే రాట్నం దగ్గరి నుంచి అలాగే లేచింది. నన్ను వెంటేసుకుని బస్సెక్కింది. పెనుకొండ దగ్గర బస్సు టైరు పోయింది. మార్చడానికి తెచ్చిన రెండో టైరులో గాలి లేదు. కొండ కింద రోడ్డు పక్కన రాతిగుండు మీద అమ్మ కూర్చుని వచ్చేపోయే ప్రతి లారీకి చెయ్యి ఎత్తింది. మేం చేరేసరికి మగవాళ్ళు కాటి నుంచి తిరిగొచ్చి, తానాలు చేసి, తడి బట్టలతో వరుసగా కూర్చుని ఉన్నారు. వాకిలి కడిగేశారు. ఆలస్యంగా వచ్చిన కూతురు తల్లి మెడ పట్టుకుని శోకం పెట్టాలి, తల్లి అందుకోవాలి, ఒకరు ఒక చరణం, ఒకరు ఒక చరణం. అది పద్ధతి. అమ్మ చేతులు చాచింది. అవ్వ గోడకానుకుని కూర్చుని ఆమె వైపు చూసి, తల తిప్పి, "పాపా, అన్నం తింటివా?" అని నన్ను అడిగింది. గొంతు పూర్తిగా పోయి ఉంది, గాలి తప్ప ఏమీ రాలేదు. అందుకునేవాళ్ళు లేకుండా ఒక్కదే ఎలా ఏడుస్తుంది? అమ్మ చాచిన చేతులు వెనక్కి తీసుకుని వంటింట్లోకి పోయి గిన్నెలు తోమింది. ఆ పొద్దు ఆమె ఏడవకుండా మింగింది ఏమిటో నాకు అర్థమయ్యే వయసు కాదు. అరిగి ఉంటుందనుకున్నాను.

మేం రాకముందు జరిగింది మాకు పదిమంది పది రకాలుగా చెప్పారు. భజన పెట్టించడానికి సోమందేపల్లి నుంచి మైకు చెన్నప్పను పిలిపించారట. ఒకే భజన బృందాన్ని నాలుగు ఊళ్ళకు తిప్పడం కష్టమని, ఒకచోట పాడింది టేపులో పట్టి ఇంకొకచోట వేయడం ఆయన కనిపెట్టిన ఉపాయం. మైకుకు టేపురికార్డరు తగిలించి, గొంతు బాగుందో లేదో చూసి, భజన వాళ్ళు రాలేదని టీ తాగడానికి పోయాడు. ఆపడం మరిచిపోయాడు. మైకు తాత తల దగ్గరే ఉంది. అవ్వ ఎత్తుకున్న శోకం చెట్టుకు కట్టిన లౌడుస్పీకరులోంచి మూడూళ్ళకు వినిపించింది. మందల దగ్గర ఉన్నవాళ్ళు కర్రలు పట్టుకుని నిలబడిపోయారట. తన గొంతు చెట్టు మీది నుంచి తిరిగి తనకే వినిపించేసరికి అవ్వ ఒక్క క్షణం ఆగి, పైకి చూసి, సర్దుకుని, ఇంకాస్త ఎత్తుగా అందుకుందట. ఆ ఏడుపులో కూతురి పేరు తీసిందని అందరూ అన్నారు. ఏమని తీసిందంటే మాత్రం ఒకరూ తిన్నగా చెప్పలేదు. రమ్మని పిలిచిందని ఒకరు, వద్దని శపించిందని ఒకరు, వాళ్ళ వాళ్ళ మంచితనాన్ని బట్టి చెప్పారు. మరుసటి ఏడు అవ్వ కూడా పోయింది. ఆ ఏడాదిలో అమ్మతో ఆమె నేరుగా పది మాటలు మాట్లాడి ఉంటే ఎక్కువ, అవి కూడా అన్నం గురించే.

తాత పోయిన కొన్నాళ్ళకు చెన్నప్ప పట్టుచీర కోసం ధర్మవరం వచ్చి మా అమ్మ చేతిలో ఒక క్యాసెట్టు పెట్టిపోయాడు. ఎవరూ చెరపకుండా పై రెక్కలు విరగ్గొట్టే ఇచ్చాడు. అమ్మ దాన్ని ఇనుప పెట్టెలో, పెళ్ళి చీర మడతల్లో, కర్పూరం ఉండలతో పాటు దాచింది. మా ఇంట్లో టేపురికార్డరు ఉంది. మగ్గం మీద కూర్చుంటే నాయనకు నాటకాల పద్యాలు కావాలి. కానీ అమ్మ ఆ క్యాసెట్టు ఒక్కరోజు కూడా వేయలేదు. నాకు అప్పుడు రేడియోలో వార్తలు చదివే ఆమెలా మాట్లాడాలని పిచ్చి. నాయన క్యాసెట్లు ముట్టుకుంటే వీపు పగులుతుంది. పెట్టెలో ఉన్నది ఎవరూ వేయరు కాబట్టి ఎవరికీ అక్కర్లేనిదని నా లెక్క. ముందు కాస్త వేసి చూశాను. తాళాల చప్పుడు, ఎవరో దగ్గడం. పనికిమాలినదే అనుకుని, రెక్కల చోట మైదా పిండితో కాగితం అంటించి, ఎర్ర మీట నొక్కాను. మా వీధిలో ఎవరి మేక తప్పిపోయింది, ఎవరి అత్త ఎవరి కోడలిని ఏమంది, ఎదురింటాయన మా నాయన చీర అంచు పూవును చూసి రాత్రికి రాత్రే తన మగ్గం మీదికి ఎలా దించాడు, అన్నీ గంటసేపు చదివాను. రెండు పక్కలా చదివాను. తీసినచోటే పెట్టేశాను. నెల తరువాత అమ్మ మా పిన్నితో, "పెట్టెలో మా అమ్మ ఏడుపు ఉండాది. నన్ను ఏమనిందో అంతా ఉంటాది. విననీకి గుండె చాల్లేదు" అంటుంటే గుమ్మంలో నిలబడి విన్నాను. ఆ రోజు మొదలు ఆ పెట్టె మూత లేచినప్పుడల్లా నా ప్రాణం లేచేది.

మెరవణి మరుసటి రోజే సోమందేపల్లి బస్సెక్కాను. లారీ వెనకాల రాసిన అంగడి పేరే ఆధారం. హైవే పక్కన, టైర్ల అంగడికీ హోటలుకూ మధ్యన ఉంది. యజమాని నాగరాజు, నలభై ఏళ్ళ మనిషి, చెవికి పోగు, టేబులు మీద రెండు కంప్యూటరు తెరలు. చెన్నప్ప కొడుకు. అది వినగానే నేను సిద్ధం చేసుకుని వచ్చిన తిట్లలో సగం మరిచిపోయాను. నేను ఫలానా ఆమె మనవరాలినని, కథలు రాస్తుంటానని చెబితే లేచి కుర్చీ వేశాడు. "అక్కా, మా నాయన ఎవురికైనా నకలే ఇచ్చి అసలు టేపు తన పెట్టెలో పెట్టుకునేటోడు. ఆయన పోయినంక ఆ పెట్టె తెరిసినా. వానకు తడిసి అన్నీ బూజు పట్టినాయి. ఇదొక్కటి పాడింది. నిమిషమున్నర పాడి, రీలు నమిలి మింగేసింది. అంతే మిగిలింది" అన్నాడు. తెర మీద మా అవ్వ గొంతును చూపించాడు. పచ్చగా, పొలం గట్లలాగా ఎగుడుదిగుడుగా ఉంది.

"అది ఏడుపని నీకు తెలుసా నాగరాజూ?" అన్నాను, పంతులమ్మ గొంతుతో.

"తెల్లేకేమక్కా. మొదుటిసారి విని నేను కూడా ఏడిస్తిని. రెండోసారి వింటే తాళం ఎంత నికార్సుగా ఉండాదో తెలిసింది. డప్పు కింద పెడితే ఒక్క వెంట్రుక వాసి తేడా రాలేదు."

"చావు పాటకు పెళ్ళిలో ఎగురుతారా?"

"మన తట్టు చావుకు తప్పెట్లు కొట్టి ఎగరరా ఏంది? మా నాయన పాడె ముందర నేనే ఎగిరినా."

కళ, పవిత్రత, అనుమతి అని నేను దారిలో కూడబలుక్కున్న మాటలన్నీ గంగమ్మ వాకిట్లో నిలబడి తీసుకొచ్చిన దావాలాగే తేలిపోయాయి. ఒక్క తేడా మాత్రం నా మనసును వదల్లేదు. అవ్వ ఎవరి చరణం ఎత్తుకున్నా దాన్ని ఒక శవం పక్కన కూర్చుని, ఆ శవాన్ని ఎరిగిన పాతికమంది ఆడవాళ్ళ ముందు ఏడవాలి. సరిగ్గా కుదరకపోతే వాళ్ళు మొహం మీదే చెప్పేవాళ్ళు. నాగరాజు మిక్సుకు లక్షలమంది ఎగురుతున్నారు, వాళ్ళలో ఒక్కరికీ మా తాత ఎవరో తెలియదు. ఇది చెబుదామనుకున్నాను గాని, అతను తెప్పించిన టీ బాగుంది, పైగా నేను వచ్చిన పని వేరు. "మా అమ్మ పేరు తీసిన చోటు కావాలి" అన్నాను. క్యాసెట్టు సంగతంతా చెప్పేశాను, చెరిపింది నేనేనని కూడా. నా సొంతవాళ్ళకు చెప్పలేనిది హైవే పక్కన కొత్త మనిషికి చెప్పేశాను.

నాగరాజు గడ్డం గోక్కున్నాడు. "లేనిది నేను యాడ తెచ్చేది అక్కా. కానీ ఒక దోవ ఉండాది. ఇప్పుడు ఏఐ వచ్చింది. ఈ నిమిషమున్నర గొంతు దానికి ఇస్తే, మనం రాసిచ్చింది ఆమె గొంతుతోనే పాడుతుంది. మీరు రాస్తానంటిరి కదా. రాసివ్వండి, పెట్టిస్తా."

నేను వద్దని లేచి ఉంటే ఇది రాయాల్సిన అవసరం ఉండేది కాదు. కాగితం అడిగాను. ముప్పై ఏళ్ళుగా రాస్తున్నదాన్ని, నా వాక్యాలు మా అవ్వ నోట వినే అవకాశం ఎవరికి వస్తుంది? కళ్ళు చెమర్చేలా నాలుగు చరణాలు రాశాను. బంగారు తల్లీ అన్నాను, చూసి కన్ను మూస్తాను అన్నాను, కోపమంతా పైపైదే అన్నాను. యంత్రం మొదటిసారి, "ఎక్కడున్నావమ్మా" అని టీవీ యాంకరులాగా పలికింది. మా అవ్వ పుట్టి బుద్ధెరిగి 'ఎక్కడ' అన్న మనిషి కాదు. నాగరాజు దాన్ని 'యాడ' అనిపించడానికి అరగంట తంటాలు పడ్డాడు. చివరికి అవ్వ గొంతే వచ్చింది. ముక్కులోంచి తీయడం, చరణం చివర కీచు, అన్నీ. నాకు కన్నీళ్ళు ఆగలేదు. నాగరాజు గర్వంగా నా వైపు తువ్వాలు జరిపాడు. అసలు నిమిషమున్నరలోని డప్పులు తీసేసి ఒట్టి గొంతును వేరే ఫైలుగా కూడా ఇచ్చాడు.

మధ్యాహ్నం నేను హిందూపురం చేరేసరికి అమ్మ వంటింటి గడప దగ్గర కూర్చుని శెనక్కాయలు ఒలుస్తోంది. కంటి మసక తగ్గింది. "దొరికిందమ్మా, నీ పేరు తీసిన ముక్క దొరికింది, ఆ పెళ్ళి పాటలోది కూడా డప్పులు తీసేసి ఇచ్చాడు" అన్నాను. ఆ అబద్ధం చెప్పేటప్పుడు నా గొంతు వణికింది, అది ఆనందం వణుకని ఆమె అనుకుంటుందని ధైర్యం తెచ్చుకున్నాను. ఫోను ఆమె పక్కన పెట్టి నొక్కాను. అవ్వ కూతురిని బంగారు తల్లీ అంది. యాడున్నావో రా తల్లీ అంది. అమ్మ చేతిలో కాయ అలాగే ఉంది. పూర్తిగా విన్నాక ఆ కాయ చిట్లగొట్టి, గింజలు గిన్నెలో వేసి, "ఎవురు రాసినారు?" అంది.

ఫోను తీసి బోర్లా పెట్టాను.

"నువ్వే కదా. బాగా రాసినావు. కానీ ఒక్క తిట్టూ లేదు. మా అమ్మ అక్కరున్నోళ్ళను తిట్టకుండా ఏడ్చిందా ఎప్పుడన్నా? నడి మద్దెలో చీమిడి కూడా చీదలేదు, ఈమె యాడి మా అమ్మ?" ఇంకో కాయ తీసుకుంది. "నువ్వు చెరిపింది కూడా నాకు తెలుసులే."

తాత పోయిన రెండో ఏడు, అవ్వ కూడా పోయాక, మేం బడికి పోయిన ఒకరోజు గుండె చిక్కబట్టుకుని ఆ క్యాసెట్టు వేసిందట. తల్లి గొంతు కోసం చెవి పెడితే, "మా వీధి వార్తలు, చదువుతున్నది పద్మావతి" అని వచ్చిందట. గంటసేపు రెండు పక్కలా విన్నదట, ఎక్కడైనా చెరపకుండా మిగిలిందేమోనని. "ఎదురింటాయన చీర అంచు కత బాగా చెప్పినావు" అంది. ఇన్నేళ్ళూ నన్ను ఎందుకు అడగలేదమ్మా అంటే, "అడిగి ఏం చేసేది? చంపేదా? ఒక పక్క ప్రాణం హాయిగా కూడా ఉండె. తిట్టిందో, పిలిచిందో, అసలు నన్ను తలుచుకోనే లేదో, తెలుసుకునే పని తప్పింది" అంది. తలుచుకోకపోవడం అనే మాట దగ్గర ఆమె గొంతు కాస్త తడబడింది. ఆమె భయపడింది తిట్లకు కాదని అప్పుడు నాకు తెలిసింది. సిగ్గుతో నేను చచ్చిపోయాను, అది రాయడానికి వేరే మాట నాకు దొరకడం లేదు.

"ఆ డప్పులు లేంది ఉండాదన్నావే, అది పెట్టు" అంది. పెట్టాను. ఎండకు గొర్రెలు పోయాయి, బీడీకట్ట గూట్లోనే ఉంది, ఓ నా దొరా ఒట్టి చేతుల పోతివా అని అవ్వ కీచు తీసింది. అక్కడ రీలు తెగింది. అమ్మ రెండు చేతులూ ముందుకు చాచింది, ఎదురుగా ఎవరూ లేరు, గోడే ఉంది. ఆ తెగిన చోటి నుంచి అదే రాగంలో అందుకుంది.

"నా తమ్మున్ని కాదన్నదానా, నా గడప మరిచినదానా,
పట్టుదారం చుట్టుకుంటా పొద్దెరగకుంటివా,
నాయన పాడె లేచినంక నీకు బస్సు దొరికెనా,
ఓ నా కూతురా, ఒట్టి వాకిలి చూడ వస్తివా."

ఆమె పాడగలదని నాకు ఈ వయసు వచ్చేదాకా తెలియదు. గొంతు బాగా లేదు, రెండు చోట్ల పట్టుకుపోయింది. అవ్వ ఆమెను తిట్టాల్సిన తిట్లన్నీ, ఒక్కటి కూడా తగ్గించకుండా, తన నోటితో తనే తిట్టుకుంది. మధ్యలో ముక్కు చీది కొంగుకు తుడుచుకుంది. తల్లి వంతు అయ్యాక కూతురి వంతు అందుకుంది. నాయనా అని పిలిచింది. నువ్వు చేసిన పెండ్లే కదా నాయనా, నీ మొగం చూడనీయకపోయెనే నాయనా, పెనుకొండ కొండ కింద పొద్దంతా కూచుంటి నాయనా అంది. వాళ్ళ పద్ధతి నాకు రాదు, చరణం కట్టడం రాదు, పక్కన కూర్చుని మెడ మాత్రం పట్టుకున్నాను. ఆమె నా భుజం మీద తల కొట్టుకుంటూ వీధంతా వినిపించేలా ఏడ్చింది. పొయ్యి మీద పప్పు మాడిన వాసన వస్తున్నా మేం ఇద్దరం లేవలేదు.

పై వాటాలో అద్దెకున్న అమ్మాయి మెట్లు దబదబా దిగి గుమ్మంలో నిలబడింది. చేతులకు ఇంకా సబ్బు నురగ ఉంది. "ఏమైంది అవ్వా, ఎవురు పోయినారు?" అని భయంగా అడిగింది.

అమ్మ తలెత్తి, ముక్కు తుడుచుకుని, ఆ అమ్మాయి వైపు చూసింది.

"మా నాయన పోయినాడమ్మా" అంది.